ప్రత్యర్థి మారినప్పుడు కాలేజీ ఫుట్‌బాల్ డిఫెన్స్ ఏం మార్చుకుంటుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీరు అమెరికాలోని కొలంబస్‌లో చదువుకుంటూ రెండు సీజన్లుగా అక్కడి ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలు చూస్తున్నారు. ఒక శనివారం కొండలా నిలబడిన డిఫెన్స్ (ఎదుటి జట్టును ఆపే పక్షం) మరో శనివారం వేరే జట్టు ముందు ఎందుకు చెదిరిపోతుంది, ప్రతి ప్రత్యర్థికీ కోచ్‌లు కొత్త డిఫెన్స్‌ను తయారు చేస్తారా, చేస్తే ఏ రకం అఫెన్స్‌కు (బంతితో ముందుకు వెళ్లే పక్షానికి) ఏది సరిపోతుంది అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే కొత్త డిఫెన్స్‌ను తయారు చేయరు. ఈ వారం ప్రత్యర్థికి ఏది వదిలిపెట్టాలో నిర్ణయిస్తారు. అన్నిటినీ ఆపగలిగిన డిఫెన్స్ ఎక్కడా లేదు. ఎదుటి జట్టు దేనితో బతుకుతుందో దాన్ని తీసివేసి, వాళ్లకు అంతగా చేతకానిదాన్ని వాళ్ల చేతికే ఇవ్వడమే సర్దుబాటు. ఆటగాళ్లు ఎక్కడ నిలబడాలి, ఎవరి బాధ్యత ఎవరిది, బెంచి మీద నుంచి ఎవరు లోపలికి రావాలి అనేవన్నీ ఆ ఒక్క నిర్ణయం నుంచి పుడతాయి. నిర్ణయం సరైనదైతే సాధారణమైన ఆటగాళ్లు కూడా గట్టిగా కనిపిస్తారు. తప్పయితే ఎంత ప్రతిభావంతులైనా ఆలస్యంగా పరుగెత్తుతున్నట్టు కనిపిస్తారు.

ఇది ఏ అనుభవంతో చెబుతున్నానో కూడా చెప్పాలి. మాస్టర్స్ చదవడానికి విజయవాడ నుంచి వచ్చి, విశ్వవిద్యాలయ జట్టు వీడియో విభాగంలో విద్యార్థి ఉద్యోగిగా చేరాను. ఆ తరువాత ఒక చిన్న కళాశాలలో ఎనిమిది సీజన్ల పాటు డిఫెన్స్ కోచ్‌లకు ప్రత్యర్థుల ఆటలను విడగొట్టి చూపే పని, ప్రాక్టీసులో ప్రత్యర్థిలా ఆడే స్కౌట్ టీమ్‌ను నడిపే పని చేశాను. పెద్ద జట్ల గురించి నేను చెప్పేవి అందరూ చూసిన ఆటలే. నా సొంత అనుభవాలు చిన్న కళాశాలవి. అయితే లెక్క రెండు చోట్లా ఒకటే.

ఆ లెక్కను ముందు అర్థం చేసుకోవాలి. రెండు వైపులా 11 మంది. క్వార్టర్‌బ్యాక్ (అఫెన్స్‌ను నడిపే, పాసులు విసిరే ఆటగాడు) బంతిని మరొకరికి ఇచ్చి నిలబడిపోయే పరుగులో, బంతి మోసేవాడిని, క్వార్టర్‌బ్యాక్‌ను తీసివేస్తే అఫెన్స్‌కు బ్లాక్ చేయడానికి, అంటే డిఫెండర్లను అడ్డుకోవడానికి, 9 మందే మిగులుతారు. డిఫెన్స్ దగ్గర 11 మంది ఉన్నారు కనుక ఇద్దరు ఎక్కువ: ఒకరు బంతి మోసేవాడిని పట్టడానికి, మరొకరు వెనుక లోతుగా సేఫ్టీగా నిలబడడానికి. అదే క్వార్టర్‌బ్యాక్ స్వయంగా పరుగెత్తగలవాడైతే, మామూలుగా బంతి మోసే రన్నింగ్ బ్యాక్ కూడా బ్లాకర్ అయిపోతాడు. 9 కాస్తా 10 అవుతుంది. లోతుగా నిలబడిన ఆ సేఫ్టీ ఇక విలాసమే, అతన్ని ముందుకు తేవాలి, తెస్తే వెనుక ఖాళీ. కాలేజీ ఆటలో క్వార్టర్‌బ్యాక్ పరుగు ఇంత ముఖ్యం కావడానికి కారణం ఈ ఒక్క మనిషి తేడాయే.

రెండో లెక్క ఖాళీలది. అఫెన్స్ ముందు వరుసలో అయిదుగురు లైన్‌మెన్ నిలబడితే వాళ్ల మధ్య, వాళ్లకు రెండు పక్కల కలిపి 6 గ్యాప్‌లు. ఒక టైట్ ఎండ్ (బ్లాకూ చేసే, పాసూ అందుకునే బరువైన ఆటగాడు) వచ్చి పక్కన చేరితే 7. ప్రతి గ్యాప్‌కూ ఒక మనిషి కావాలి. అంచుల్లో రిసీవర్లను కాచే ఇద్దరు కార్నర్లు, ఇద్దరు లోతు సేఫ్టీలు పోగా డిఫెన్స్‌కు మిగిలేది 7 మందే. వాళ్లలో ఒకరు మూడో రిసీవర్ (పాస్ అందుకునేవాడు) మీదికి జరిగితే 6. అంటే టైట్ ఎండ్ ఒకరు, రిసీవర్లు ముగ్గురు ఉండే మామూలు మోహరింపు ముందే డిఫెన్స్‌కు ఒక మనిషి తక్కువ. ఆ తక్కువ ఎక్కడ పడాలో తేల్చడమే కోఆర్డినేటర్ (డిఫెన్స్ పథకం వేసే కోచ్) వారమంతా చేసే పని.

ప్రొఫెషనల్ ఆట కన్నా కాలేజీ ఆటలో ఈ పని కష్టం కావడానికి మైదానం కూడా ఒక కారణం. మైదానం వెడల్పు 160 అడుగులు. కాలేజీలో హాష్ మార్కుల (బంతిని పెట్టే చోటుకు హద్దులైన గీతల) మధ్య దూరం 40 అడుగులు, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. కనుక కాలేజీలో బంతిని హాష్ మీద పెడితే ఒకవైపు 60 అడుగులు, మరోవైపు 100 అడుగులు. ఆ 100 అడుగుల వైపు ముగ్గురు రిసీవర్లను నిలబెడితే డిఫెన్స్ సాగదీసిన రబ్బరులా అవుతుంది. దానికి తోడు కాలేజీ క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ నియమం ప్రకారం సీజన్‌లో ఆటగాళ్ల శిక్షణకు వారానికి 20 గంటలే. వాళ్లు విద్యార్థులు, వాళ్లకు తరగతులున్నాయి. ప్రతి ప్రత్యర్థికీ కొత్త డిఫెన్స్ నేర్పేంత సమయం ఎవరి దగ్గరా ఉండదు.

ఇక ఒక్కో రకం అఫెన్స్ దగ్గరికి వద్దాం. మొదట ఆప్షన్‌ను తీసుకుంటాను, ఎందుకంటే బాధ్యత అన్న మాటకు అర్థం నాకు అక్కడే తెలిసింది. ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ అనే మూడు సైనిక అకాడమీల జట్లు దీనికి పేరుపడ్డాయి. జార్జియా టెక్‌లో పాల్ జాన్సన్ 2008 నుంచి 2018 దాకా దీన్నే నడిపారు. ట్రిపుల్ ఆప్షన్‌లో బంతికి మూడు దారులు: నేరుగా మధ్యలోకి దూసుకెళ్లే ఫుల్‌బ్యాక్ (దీన్ని డైవ్ అంటారు), బంతిని తన దగ్గరే ఉంచుకునే క్వార్టర్‌బ్యాక్, అంచున పరుగెత్తుతూ పిచ్ (పక్కకు విసిరిన బంతి) అందుకునే మరో బ్యాక్. అఫెన్స్ కావాలనే ఇద్దరు డిఫెండర్లను బ్లాక్ చేయకుండా వదిలేసి, వాళ్లు ఎటు కదిలితే దానికి వ్యతిరేక దిశలో బంతిని పంపుతుంది. అంటే బంతిని చూసి పరుగెత్తే డిఫెండర్ ప్రతిసారీ తప్పే చేస్తాడు.

అందుకే ఇక్కడ బంతిని కాదు, మనిషిని ఆడాలి. డైవ్ ఒకరిది, క్వార్టర్‌బ్యాక్ ఒకరిది, పిచ్ ఒకరిది. ఆ మనిషి చేతిలో బంతి ఉన్నా లేకపోయినా అతన్ని పడగొట్టాల్సిందే. ఈ క్రమశిక్షణ అలవాటు కావడానికి మేము స్కౌట్ టీమ్ చేత అసలు బంతే లేకుండా ఆప్షన్ ఆడించేవాళ్లం. బంతి లేకపోతే దాని కోసం వెతకడం ఉండదు కదా. మొదటి రోజు పిల్లలు ఎక్కడ చూడాలో తెలియక తికమకపడేవారు, మూడో రోజుకు కళ్లు సరైన చోట నిలిచేవి. అయినా ఒక సీజన్‌లో మా సేఫ్టీ ఒకడు మూడున్నర క్వార్టర్ల పాటు పిచ్ మనిషిని తప్పకుండా పట్టుకుని, నాలుగో క్వార్టర్‌లో ఒక్కసారి డైవ్ వైపు చూశాడు. ఆ ఒక్క చూపుకు 60 గజాల పైచిలుకు పరుగు, దానితో ఆట పోయింది. ఆ కుర్రవాడిని నేను ఎన్నడూ తప్పుపట్టలేదు. అంతసేపు ఎర వేస్తే ఎవరి కన్నయినా ఒకసారి జారుతుంది, ఈ అఫెన్స్ బతికేదే దాని మీద.

ఆప్షన్‌లో రెండో ప్రమాదం సమయం. 2018 సెప్టెంబరులో ఓక్లహోమా సొంత ఊరు నార్మన్‌లో ఓక్లహోమా, ఆర్మీ తలపడినప్పుడు, 60 నిమిషాల ఆటలో ఆర్మీ దాదాపు 45 నిమిషాలు బంతిని తన దగ్గరే ఉంచుకుంది. ఆ ఏడాది కాలేజీ ఆటలో మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ కైలర్ మర్రే బెంచి మీద కూర్చుని చూడాల్సి వచ్చింది. ఓక్లహోమా చివరికి ఓవర్‌టైంలో 28-21తో బయటపడింది. అక్కడ డిఫెన్స్ పరుగులకు మరీ ఘోరంగా తలవంచిందని కాదు. మూడేసి, నాలుగేసి గజాలు ఇచ్చుకుంటూ పోయింది. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు చాలనుకునే జట్టుకు, నాలుగో ప్రయత్నంలో కూడా ధైర్యంగా ముందుకు వెళ్లే జట్టుకు, అవే చాలు. కనుక ఆప్షన్ జట్టు మీద మొదటి ప్రయత్నంలోనే వెనక్కి నెట్టాలి. రెండో ప్రయత్నానికి 11 గజాలు మిగిలితే వాళ్లు తమకు అలవాటు లేని పాస్ వైపు రావాలి. వదిలిపెట్టేది ఆ పాస్‌నే. కార్నర్ ఒంటరిగా మిగిలినా భరించాలి.

ఒక సవరణ: 2022 నుంచి నడుము కింద బ్లాక్ చేయడం టాకిల్ బాక్స్ (లైన్ మధ్య భాగం) లోపలి వారికే పరిమితమైంది. అంచుల్లో కార్నర్ల, సేఫ్టీల మోకాళ్లను గురిపెట్టి పడగొట్టే బ్లాకులు పోయాయి. అంతకు ముందటి ఆటలు చూసి నేర్చుకుంటుంటే ఈ తేడా గుర్తుంచుకోండి.

దీనికి పూర్తిగా అవతలి కొసన ఎయిర్ రెయిడ్ ఉంది. హాల్ మమ్మీ, మైక్ లీచ్ కలిసి ఐయొవా వెస్లియన్‌లో రూపుదిద్ది, తరువాత లీచ్ టెక్సస్ టెక్, వాషింగ్టన్ స్టేట్, మిసిసిపి స్టేట్‌లకు తీసుకెళ్లిన పాస్ అఫెన్స్ ఇది. మీ ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన జవాబు నాకు మరే చోటా దొరకలేదు, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

2020 సెప్టెంబరు 26న మిసిసిపి స్టేట్‌తో లీచ్ మొదటి ఆట, అదీ అంతకు ముందు ఏడాది జాతీయ విజేత ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) మైదానంలో. ఎల్‌ఎస్‌యూ ఎక్కువగా మ్యాన్ కవరేజ్ ఆడింది, అంటే రిసీవర్‌కు ఒక డిఫెండర్ చొప్పున అంటిపెట్టుకున్నారు. మిసిసిపి స్టేట్ క్వార్టర్‌బ్యాక్ కె.జె. కాస్టెల్లో 623 గజాలు విసిరి ఎస్‌ఈసీ (ఈ జట్లు ఆడే కాన్ఫరెన్స్) రికార్డు సృష్టించాడు, జట్టు 44-34తో గెలిచింది. వారం తిరిగాక అదే క్వార్టర్‌బ్యాక్, అదే ప్లేబుక్, ఎదురుగా అర్కాన్సా. ఆటగాళ్ల స్థాయిలో ఎల్‌ఎస్‌యూతో పోల్చదగిన జట్టు కాదు. అర్కాన్సా డిఫెన్స్ కోఆర్డినేటర్ బారీ ఓడమ్ క్వార్టర్‌బ్యాక్ మీదికి ముగ్గురినే పంపి, మిగిలిన ఎనిమిది మందిని వెనక్కి దింపి జోన్ (మనిషిని కాక మైదానంలో ఒక్కో భాగాన్ని కాచే పద్ధతి) ఆడించారు. అర్కాన్సా 21-14తో గెలిచింది, కాస్టెల్లో పాసులు మూడు మధ్యలోనే పట్టేసింది (ఇంటర్‌సెప్షన్), అందులో ఒకటి నేరుగా టచ్‌డౌన్ (బంతిని మైదానం కొసకు చేర్చి పాయింట్లు తేవడం) అయింది. ఆ తరువాతి వారం కెంటకీ 24-2తో గెలిచి ఏకంగా ఆరు ఇంటర్‌సెప్షన్లు చేసింది.

మూడు వారాల్లో అఫెన్స్ మారలేదు, ఎదుటివాళ్లు వదిలిపెట్టినది మారింది. ఎయిర్ రెయిడ్ రిసీవర్లు డిఫెండర్‌ను చూసి తమ దారిని మార్చుకుంటారు: అంటిపెట్టుకుని వస్తే దాటి పరుగెత్తుతారు, దూరంగా ఉంటే ఖాళీలో ఆగి బంతి అందుకుంటారు. మ్యాన్ ఆడితే ఎదురెదురుగా దాటుకునే మెష్ వంటి దారుల్లో డిఫెండర్లు ఒకరికొకరు అడ్డుపడతారు, తప్పించుకున్న రిసీవర్ ముందు ఖాళీ మైదానం ఉంటుంది. ఎనిమిది మంది వెనక్కి దిగితే అయిదుగురు రిసీవర్ల మధ్య కిటికీలు మూసుకుపోతాయి. క్వార్టర్‌బ్యాక్‌కు సమయం దొరుకుతుంది కానీ విసరడానికి చోటు దొరకదు. అతనికి మిగిలేది అయిదారు గజాల చిన్న పాసులు. వాటిని ఇవ్వాలి, పట్టుకున్నవాడిని అక్కడికక్కడే పడగొట్టాలి. క్రికెట్‌లో బౌండరీలు కొట్టే బ్యాటర్‌కు ఫీల్డర్లను తాళ్ల దగ్గరికి పంపి ఒక్కో పరుగు తీసుకోనివ్వడం లాంటిదే ఇది. ఒక్కో పరుగుతో ఓపికగా కట్టుకుంటూ పోగల బ్యాటర్ తక్కువ. పన్నెండు చిన్న పాసులు వరుసగా తప్పులేకుండా విసరగల విద్యార్థి అంతకన్నా తక్కువ.

ఇక్కడ నిజాయితీగా చెప్పాల్సిన మాటలు రెండున్నాయి. ఎల్‌ఎస్‌యూకు ఆ రోజు తన మేటి కార్నర్ డెరెక్ స్టింగ్లీ లేడు. అతను ఉంటే మ్యాన్ కవరేజ్ అంత చెడిపోయేది కాదేమో. రెండోది, ముగ్గురితో దాడి చేసి ఎనిమిది మందిని దింపడం పరుగెత్తడం ఇష్టం లేని జట్టు మీదే పనిచేస్తుంది. ఒక ఏడాది మా కోచ్‌లు ఇదే ఉపాయాన్ని పాస్ బాగా విసిరే మరో జట్టు మీద వాడారు. వాళ్లు రెండో క్వార్టర్‌లోనే పాస్ మానేసి మధ్యలోకి పరుగెత్తడం మొదలుపెట్టారు, మా ముందు వరుసలో ముగ్గురే ఉన్నారు. ప్రతి పరుగుకూ ఏడెనిమిది గజాలు పోయాయి. ఆ వారం ప్రత్యర్థి పరుగు చిట్టాను తయారు చేసింది నేనే. వాళ్లు తక్కువసార్లు పరుగెత్తారని రాశానే గాని, పరుగెత్తినప్పుడు ఎన్ని గజాలు వచ్చాయో ప్రత్యేకంగా చూపలేదు. అప్పటి నుంచి ఆ రెండు అంకెలనూ పక్కపక్కనే రాస్తున్నాను.

ఇప్పుడు మీరు ఎక్కువగా చూసే రకం: షాట్‌గన్‌లో (లైన్‌కు కొన్ని గజాల వెనుక) క్వార్టర్‌బ్యాక్, పక్కన ఒక బ్యాక్, వెడల్పుగా రిసీవర్లు, జోన్ రీడ్ (ఒక డిఫెండర్‌ను చూసి బంతి ఇవ్వాలా ఉంచుకోవాలా తేల్చుకునే పరుగు), దానికి అతికించిన ఆర్‌పీఓ. ఆర్‌పీఓ అంటే పరుగు, పాస్ రెండూ ఒకే ఎత్తులో ఉండి, స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఎత్తును మొదలుపెట్టడం) తరువాత క్వార్టర్‌బ్యాక్ ఎంచుకోవడం. అతను ఒక్క డిఫెండర్‌ను చూస్తాడు, సాధారణంగా లైన్‌బ్యాకర్‌ను (ముందు వరుస వెనుక నిలబడేవాడిని). ఆ లైన్‌బ్యాకర్ పరుగు మీదికి వస్తే అతని వీపు వెనుకకే పాస్ వెళుతుంది, పాస్ కోసం ఆగితే పరుగుకు గ్యాప్ తెరుచుకుంటుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కాలేజీ నియమం లైన్‌మెన్‌ను పాస్ సమయంలో 3 గజాల దాకా ముందుకు వెళ్లనిస్తుంది, ఎన్‌ఎఫ్‌ఎల్ 1 గజమే. ఆ రెండు గజాల తేడా వల్ల లైన్‌మెన్ కదలికను చూసి పరుగో పాసో పోల్చుకునే పాత పద్ధతి కాలేజీ లైన్‌బ్యాకర్‌కు అక్కరకు రాదు.

దీనికి మందు ఏమిటంటే, ఆ ఒక్క మనిషిని ఇరకాటం నుంచి తప్పించాలి. దారులు కొన్ని ఉన్నాయి. ముందు వరుసలో ముగ్గురిని బాగా లోపలికి జరిపి, ఒకరిని సెంటర్ (అఫెన్స్ లైన్ మధ్యవాడు) మీద, ఇద్దరిని టాకిళ్ల (లైన్ చివరివాళ్ల) లోపలి భుజాల మీద నిలబెడితే మధ్య గ్యాప్‌లు వాటంతటవే మూసుకుపోతాయి. టైట్ ఫ్రంట్ అని దీన్నే అంటారు. కిర్బీ స్మార్ట్ శిక్షణలోని జార్జియా జట్టు దీన్ని విస్తృతంగా వాడింది. 2021లో ఆ డిఫెన్స్ సగటున ఆటకు 10.2 పాయింట్లే ఇచ్చి జాతీయ టైటిల్ గెలిచింది. మధ్య మూసుకుంటే లైన్‌బ్యాకర్ తొందరపడనక్కరలేదు, అరక్షణం ఆగి చూడవచ్చు. పరుగు పక్కకు తిరుగుతుంది, అక్కడ వేగంగా ఉన్నవాళ్లు కాచుకుని ఉంటారు. వదిలిపెట్టేది అంచు.

ఐయొవా స్టేట్ మరో దారి వెతికింది. 2017లో కోఆర్డినేటర్ జాన్ హీకాక్ ముగ్గురు లైన్‌మెన్ వెనుక ముగ్గురు సేఫ్టీలను వరుసగా నిలబెట్టారు. మధ్య సేఫ్టీ స్నాప్ ముందు పరుగుకా పాసుకా అన్నది తెలియనివ్వడు. స్నాప్ తరువాత అవసరమైన చోటికి దిగుతాడు. క్వార్టర్‌బ్యాక్ ముందుగా లెక్కపెట్టుకున్న మనుషులు స్నాప్ తరువాత మారిపోతారు. అక్టోబరులో ఐయొవా స్టేట్ నార్మన్ వెళ్లి, బేకర్ మేఫీల్డ్ నడిపిన ఓక్లహోమాను 38-31తో ఓడించింది. 31 పాయింట్లు ఇచ్చి గెలవడం గొప్ప డిఫెన్సా అని అడగవచ్చు. మేఫీల్డ్ ఆ ఏడాది హైస్‌మన్ గెలిచాడు. అటువంటి అఫెన్స్ మీద అంకెను సున్నాకు దించడం ఎవరి లక్ష్యమూ కాదు, ఒకటి రెండు సార్లు అదనంగా ఆపగలిగితే ఆట చేతికొస్తుంది.

బరువైన మోహరింపుల గురించి చెప్పడానికి మీ ఊరి ఆటలనే తీసుకుంటాను. నొప్పి కలిగిస్తే మన్నించండి. 2021 నవంబరులో యాన్ ఆర్బర్‌లో మిషిగన్ 42-27తో ఒహాయో స్టేట్‌ను ఓడించింది. మిషిగన్ 297 గజాలు పరుగెత్తింది, హసన్ హాస్కిన్స్ ఒక్కడే అయిదు టచ్‌డౌన్లు చేశాడు. అదనపు టైట్ ఎండ్లు వచ్చినకొద్దీ గ్యాప్‌లు పెరుగుతాయని ముందే చెప్పాను. పాస్ ఆడే జట్ల కోసం తేలికైన, వేగమైన వాళ్లతో డిఫెన్స్‌ను నింపుకున్నప్పుడు, ఎదుటివాళ్లు మరో బరువైన మనిషిని లైన్ పక్కన చేర్చి అదే పరుగు పదే పదే ఆడితే, ప్రతి గ్యాప్ దగ్గరా చిన్నవాడు పెద్దవాడితో తోపులాడాలి.

మరుసటి ఏడాది కొలంబస్‌లో ఒహాయో స్టేట్ కొత్త కోఆర్డినేటర్ జిమ్ నోల్స్‌తో దిగింది. మనుషులను ముందుకు తెచ్చి దూకుడుగా ఆడింది. మిషిగన్ ప్రధాన బ్యాక్ బ్లేక్ కోరమ్ గాయంతో దాదాపు ఆడలేదు. అయినా మిషిగన్ 45-23తో గెలిచింది, ఈసారి వేరే దారిలో. క్వార్టర్‌బ్యాక్ జె.జె. మెకార్తీ 69, 75 గజాల టచ్‌డౌన్ పాసులు కార్నీలియస్ జాన్సన్‌కు విసిరాడు; చివర్లో డోనవన్ ఎడ్వర్డ్స్ 75, 85 గజాలు పరుగెత్తాడు. ముందు ఏడాది చచ్చిన చోట కంచె వేసి, వెనుక సేఫ్టీలు లేని మైదానాన్ని వదిలిపెట్టారు. నా అభిప్రాయంలో నిర్ణయం పూర్తిగా తప్పు కాదు. చాలాసేపు మామూలు పరుగు ఆగింది. అయితే వదిలిపెట్టినదాని ధర ఎంతో చూసుకోవాలి. నాలుగు గజాల చొప్పున వదలడం వేరు, 75 గజాలు ఒక్క తప్పుకు వదలడం వేరు. బరువైన జట్టు మీద నేను ఎప్పుడూ కోరేది ఒక సేఫ్టీని ముందుకు తెచ్చినా రెండోవాడిని మాత్రం లోతుగానే ఉంచమని.

వేగంతో ఆడే అఫెన్స్‌ది వేరే సమస్య. 2022లో జాష్ హైపెల్ శిక్షణలోని టెనెసీ, రిసీవర్లను దాదాపు సైడ్‌లైన్ దాకా విస్తరించి, ఒక ఎత్తు ముగిసిన క్షణాల్లోనే తరువాతి స్నాప్‌కు సిద్ధమయ్యేది. అక్టోబరు 15న అలబామాను 52-49తో ఓడించింది. జేలిన్ హయట్ అయిదు టచ్‌డౌన్లు అందుకున్నాడు. అప్పటి అలబామా కోచ్ నిక్ సేబన్ డిఫెన్స్‌ది రిసీవర్ల దారులను బట్టి బాధ్యతలు మార్చుకునే సూక్ష్మమైన పద్ధతి. అది మాటలతో, సైగలతో నడిచేది. ఆ మాటలకే సమయం లేకుండా చేయడం ఈ అఫెన్స్ ఉద్దేశం. మూడు వారాల తరువాత నవంబరు 5న ఏథెన్స్‌లో జార్జియా అదే టెనెసీని 27-13కు కట్టడి చేసి, క్వార్టర్‌బ్యాక్ హెండన్ హూకర్‌ను ఆరుసార్లు పడగొట్టింది. సొంత మైదానంలో గోల, రెండో సగంలో వాన తోడయ్యాయి. అవి లెక్కలోకి రావని అనను. అయితే ముందు వరుస నలుగురే ఒత్తిడి తేగలిగినప్పుడు వెనుకవాళ్లకు క్లిష్టమైన పిలుపులు (ఎవరేం చేయాలో చెప్పే సంకేతాలు) అవసరం ఉండవు. వేగానికి మందు సరళత.

ఇది మేము దెబ్బతిని నేర్చుకున్నాం. వేగంగా ఆడే ఒక జట్టు కోసం ఒక వారం ఏడు కొత్త పిలుపులు నేర్పాం. బోర్డు మీద ప్రతి దానికీ కారణముంది. ఆటలో మా లైన్‌బ్యాకర్లు స్నాప్ సమయానికి ఇంకా సైడ్‌లైన్ వైపు చూస్తూనే ఉన్నారు. మరుసటి ఏడాది అదే జట్టు మీద మూడే పిలుపులతో వెళ్లాం, ఒక్కోదానికీ ఒక్క మాట. ఆ ఆట కూడా గెలవలేదు, కానీ తప్పు చోట నిలబడినందుకు ఇచ్చిన టచ్‌డౌన్ ఒక్కటీ లేదు. 2024 నుంచి హెల్మెట్‌లో ఒక డిఫెండర్‌కు కోచ్ మాట వినిపించే సదుపాయం పెద్ద జట్లకు వచ్చింది. అదీ ప్లే క్లాక్ (స్నాప్‌కు మిగిలిన సమయం చూపే గడియారం) 15 సెకన్లకు రాగానే ఆగిపోతుంది. అఫెన్స్ ఆటగాళ్లను మారిస్తే డిఫెన్స్‌కు కూడా మార్చుకునే అవకాశం అంపైర్ ఇస్తాడు, మార్చకపోతే ఇవ్వడు. అందుకే వేగంగా ఆడే జట్లు అవే పదకొండు మందితో పరుగెత్తిస్తూ, మీ అలసిన లైన్‌మన్‌ను లోపలే బందీ చేస్తాయి.

ఎవరిని ఆడించాలన్నది కొన్నిసార్లు పథకం కన్నా ముఖ్యం. 2019లో జో బరో నడిపిన ఎల్‌ఎస్‌యూ 15 ఆటలూ గెలిచింది. బరో 60 టచ్‌డౌన్ పాసులు విసిరాడు. ఆ సీజన్‌లో ఎల్‌ఎస్‌యూను అతి తక్కువ పాయింట్లకు ఆపింది ఆబర్న్, 23-20. ఆబర్న్ చాలాసేపు ముగ్గురు లైన్‌మెన్, ఒకే ఒక లైన్‌బ్యాకర్, ఏడుగురు డిఫెన్సివ్ బ్యాక్‌లతో (కార్నర్లు, సేఫ్టీల వంటివాళ్లు) ఆడింది. అంత తేలికైన గుంపుతో పరుగును ఎలా తట్టుకుందంటే, మధ్యలో డెరిక్ బ్రౌన్ ఉన్నాడు. ఇద్దరు బ్లాకర్లను ఒక్కడే పట్టి ఉంచగల మనిషి. మొదట్లో చెప్పిన లెక్కలో ఆ ఒక్క తేడా మళ్లీ డిఫెన్స్ వైపు వస్తుంది. అటువంటి లైన్‌మన్ లేని జట్టు ఈ మోహరింపును చూసి అనుకరిస్తే మొదటి పరుగుకే తెలిసిపోతుంది. ఏ అఫెన్స్‌కు ఏ డిఫెన్స్ అన్న మీ ప్రశ్నకు పట్టిక రాసి ఇవ్వలేకపోవడానికి కారణం ఇదే: జవాబులో సగం మీ దగ్గరున్న మనుషులు.

మీరు రాయకపోయినా చాలామంది అడిగేది మరొకటుంది: సగం ఆట తరువాతి విరామంలో కోచ్‌లు అంతా మార్చేస్తారా? కాలేజీలో విరామం 20 నిమిషాలు. గదికి వెళ్లిరావడం, నీళ్లు, గాయాలు చూసుకోవడం పోగా మాట్లాడుకోవడానికి మిగిలేది చాలా తక్కువ. అసలు సవరణలు మొదటి రెండు డ్రైవ్‌ల (ఒక జట్టు బంతితో ఆగకుండా ఆడే దశల) తరువాత బెంచి దగ్గరే జరుగుతాయి. ప్రత్యర్థులు మొదటి పదిహేను ఎత్తులను ముందే రాసుకుని వస్తారు, వాటిలో కొన్ని మన స్పందనను పరీక్షించడానికే. ఒక రిసీవర్‌ను ఇటు నుంచి అటు నడిపిస్తే మన డిఫెండర్ వెంట వెళ్లాడా, లేక అందరూ ఒక అడుగు జరిగారా అని చూస్తారు. నేను స్టేడియం పైన కోచ్‌ల గదిలో కూర్చున్నప్పుడు రాసుకునేది కూడా అదే: వాళ్లు ఏం అడిగారు, మేము ఏం జవాబిచ్చాం.

వచ్చే శనివారం స్టేడియంలో పై వరుసల్లో సీటు దొరికితే వదులుకోకండి, టీవీలో సేఫ్టీలు కనిపించరు. స్నాప్‌కు ముందు బంతిని చూడకండి. టైట్ ఎండ్లు ఎంతమందో లెక్కపెట్టండి, బంతి ఏ హాష్ మీద ఉందో చూడండి, ఆ తరువాత లోతుగా ఉన్న సేఫ్టీలు ఒకరా ఇద్దరా అన్నది. మూడో రిసీవర్ ఎదురుగా నిలబడే నికెల్ ఆటగాడు అతనికీ లైన్‌కూ మధ్య ఎక్కడ నిలబడ్డాడో గమనించండి. లోపలికి జరిగి ఉంటే ఆ వారం పరుగును ఆపాలనుకున్నారు, రిసీవర్ మీదికి వెళ్లి నిలబడితే పరుగును ఇచ్చేశారు. రెండు డ్రైవ్‌లు ఇలా చూసి, ఒహాయో స్టేట్ ఆ రోజు ఏం వదిలిపెట్టిందని మీకు అనిపించిందో, ప్రత్యర్థి ఎవరో, ఇక్కడ రాయండి. నేను అదే ఆటను పూర్తి మైదానం కనిపించే కోణంలో చూసి, నాకు కనిపించింది రాస్తాను.